పిల్లలకు ప్రజాస్వామ్యం నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

వారాంతపు తరగతి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఒక గ్రంథాలయంలో ఆదివారాలు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలతో కూర్చుని చరిత్ర, సమాజం గురించి మాట్లాడుతుంటాను. ఈ నెల ప్రజాస్వామ్యం, ప్రభుత్వ బాధ్యతలు అనే అంశం తీసుకున్నాం.

పిల్లలకు పాఠం రాదని కాదు. ప్రజల చేత, ప్రజల కోసం నడిచే ప్రజల ప్రభుత్వం అని అమెరికా అధ్యక్షుడు లింకన్ 1863లో చెప్పిన మాట అడిగితే గడగడా అప్పజెబుతారు. శాసన, కార్యనిర్వాహక, న్యాయ శాఖలు ఏం చేస్తాయో పట్టిక గీసి మరీ చూపిస్తారు. పట్టిక పక్కన పెట్టి మీ మాటల్లో చెప్పమంటే మాత్రం వేరే సంగతి బయటపడుతుంది. పోయిన వారం వాళ్లు అన్న మూడు మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఒక అమ్మాయి: "ఎక్కువ చేతులు ఎటు లేస్తే అదే నిర్ణయం. మిగతావాళ్లు సర్దుకుపోవాలి. ప్రజాస్వామ్యం అంటే అంతే కదా?"

ఒక అబ్బాయి: "ప్రభుత్వం అంటే వాళ్లు. చేస్తే చేస్తారు, లేకపోతే లేదు. మనం ఏం చేయగలం?"

అందరికంటే ఎక్కువగా పుస్తకాలు చదివే ఇంకో అబ్బాయి: "ఇంతమందిని అడిగి, ఇన్ని సంతకాలు పెట్టించుకునే బదులు సమర్థుడైన ఒక్క మనిషి ఆజ్ఞ వేస్తే పనులు తొందరగా అవుతాయి కదా?"

ఈ మూడో మాటకు గదిలో సగం మంది తల ఊపారు. అది నన్ను కలవరపెట్టింది. ఆ అబ్బాయి నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "తప్పు నాయనా" అని కొట్టిపారేస్తే నోరు మూసుకుంటాడే తప్ప మనసు మార్చుకోడు.

పిల్లల తల్లిదండ్రుల్లో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఇవాళ్టి నాయకుల మీద తగాదాగా మారని ఉదాహరణలు కావాలి. ఈ వయసు పిల్లలకు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టారో, ఏది పట్టిందో రాయగలరా?

సాంఘికం మాస్టారు:

వారాంతపు తరగతి గారూ, తొమ్మిది, పది తరగతులకు ఏళ్ల తరబడి సాంఘికశాస్త్రం చెప్పి విరమణ చేశాను. నాకు చేతనైనంతలో రాస్తాను. ఓటు దగ్గర మొదలుపెట్టకండి. మురుగు కాలువ దగ్గర మొదలుపెట్టండి.

నేను బోర్డు మీద ఒక నది గీసి, దాని ఒడ్డున పెద్ద భవనం ఒకటి గీసేవాణ్ణి. నది థేమ్స్, భవనం బ్రిటిష్ పార్లమెంటు, సంవత్సరం 1858. లండన్ నగరం మురుగంతా ఆ నదిలోకే పోయేది. ఆ వేసవిలో ఎండలు ముదిరి, నది నుంచి లేచిన దుర్గంధానికి సభ్యులు సభలో కూర్చోలేకపోయారు. కిటికీ తెరలను సున్నపు క్లోరైడు ద్రావణంలో ముంచి వేలాడదీశారు. అదీ చాలలేదు. నగరం కింద కొత్త మురుగు కాలువలు తవ్వడానికి కావలసిన చట్టం పద్దెనిమిది రోజుల్లో తయారైంది. జోసెఫ్ బాజల్‌జెట్ అనే ఇంజనీరు ఆ పని చేయించాడు.

ఇక్కడ ఆపి, "ఈ కంపు ఎవరి బాధ్యత?" అని అడిగేవాణ్ణి. ఎవరి ఇల్లు వాళ్లు శుభ్రంగా ఉంచుకుంటే సరిపోతుంది అని ముందు వరుస నుంచి తప్పకుండా ఒక జవాబు వస్తుంది. రానివ్వండి. "నీ ఇల్లు అద్దంలా ఉంది. పై వీధిలోని వంద ఇళ్ల మురుగు నువ్వు తాగే నీళ్లలో కలుస్తోంది. ఇప్పుడేం చేస్తావు?" అని అడగండి. నేను ఒక్కణ్ణే కాలువ తవ్వలేను, తవ్వినా పక్కవాడి స్థలం గుండా పోనివ్వడు, అందరి దగ్గరా డబ్బు వసూలు చేసే అధికారం నాకు లేదు అని వాళ్లే ఒక్కొక్కటిగా పేర్చుకుంటూ వస్తారు. ప్రభుత్వం ఎందుకు కావాలో, పన్ను ఎందుకు కట్టాలో వాళ్ల నోటితోనే వచ్చేస్తుంది. పుస్తకంలో అది నిర్వచనంగా ఉంటుంది. ఇక్కడ అది అవసరంగా అర్థమవుతుంది.

ఆ తర్వాత బోర్డు మీద ఇంకో సంఖ్య రాసేవాణ్ణి: 1832. లండన్‌ను కలరా మొదటిసారి కుదిపేసిన కాలం అది. మళ్లీ 1848–49లో, మళ్లీ 1854లో వచ్చింది. వేలమంది పోయారు. ఒకసారి వెనక వరుసలోని ఒక అమ్మాయి వేళ్లు లెక్కపెట్టుకుని, "మరి 1858 దాకా ఎందుకు ఆగారు సార్?" అంది. నేను జవాబు చెప్పలేదు. అప్పట్లో ఆడవాళ్లకు ఓటు లేదని, మగవాళ్లలో కూడా కొంత ఆస్తి ఉన్నవాళ్లకే ఉండేదని మాత్రం చెప్పాను. కాసేపటికి కిటికీ పక్కన కూర్చున్న కుర్రాడు, "మనుషులు చచ్చిపోయిన వీధుల్లో ఓటర్లు లేరు సార్" అన్నాడు. ఓటు హక్కు మీద నేను అంతవరకు చెప్పిన పాఠాలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

మీ రెండో అబ్బాయి ప్రశ్నకు కూడా ఈ కథలోనే జవాబు ఉంది. 1854లో జాన్ స్నో అనే వైద్యుడు లండన్‌లోని సోహో ప్రాంతంలో ఇంటింటికీ తిరిగి ఎవరు చనిపోయారు, వాళ్లు ఏ పంపు నీళ్లు తాగారు అని రాసుకున్నాడు. మరణాలు బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ గుంపుగా కనిపించాయి. ఆయన ఏ పదవిలోనూ లేడు. ఆ వివరాలు పట్టుకెళ్లి స్థానిక పాలక మండలి ముందు పెట్టాడు. కలరా నీళ్ల ద్వారా వస్తుందన్న ఆయన వాదన పూర్తిగా నమ్మకపోయినా, వాళ్లు పంపు పిడి తీయించారు. "మనం ఏం చేయగలం?" అనే పిల్లవాడికి ఈ సంగతి చెప్పి, అతని చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. అడగడానికి ముందు లెక్క ఉండాలని వాడికి తెలియాలి.

అడిగితే చెప్పి తీరాలనే చట్టాలు కూడా ఉన్నాయని ఈ సందర్భంలోనే చెప్పవచ్చు. ప్రభుత్వ పత్రాలు చూసే హక్కును స్వీడన్ 1766లోనే చట్టంలో పెట్టింది. భారతదేశంలో సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలని, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అందులో ఉంది. ఆ 48 గంటల నిబంధన విన్నప్పుడు పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఏ విషయం తీసుకున్నా నాలుగు ప్రశ్నలు వేయించేవాణ్ణి. నిర్ణయం ఎవరు తీసుకున్నారు? డబ్బు ఎవరిది? నష్టపోయేది ఎవరు? జవాబు చెప్పాల్సింది ఎవరు, చెప్పకపోతే వాళ్లకేమవుతుంది? మొదటి మూడింటికీ రాజుల కాలంలో కూడా జవాబులు దొరుకుతాయి. నాలుగో దాని రెండో సగానికి దొరకదు. ప్రజాస్వామ్యం ఉందో లేదో చూడాలంటే నేను వెతికేది అక్కడే.

ఇక మూడో ప్రశ్న, సమర్థుడైన ఒక్క మనిషి సంగతి. ఆ అబ్బాయిని గౌరవించండి. ఆజ్ఞతో పని తొందరగా అవుతుందన్న మాటలో కొంత నిజం ఉంది, ఒప్పుకోండి. ఒప్పుకున్నాక రెండు కరవుల గురించి చెప్పండి.

1943లో బెంగాల్‌లో కరవు వచ్చింది. అసలు అధికారం లండన్ నియమించిన గవర్నరు, వైస్రాయిల చేతిలో ఉండేది, బెంగాల్ ఓటరు వాళ్లను దించలేడు. యుద్ధకాలపు ఆంక్షల మధ్య వార్తలు నలిగిపోయాయి. ఆగస్టులో కలకత్తాలోని స్టేట్స్‌మన్ పత్రిక వీధుల్లో పడి ఉన్న మనుషుల ఫొటోలు వేశాక గానీ ఆ కరవు బయటి ప్రపంచానికి సరిగా తెలియలేదు. చనిపోయినవాళ్లు సుమారు 30 లక్షలని అంచనా. రెండోది 1950ల చివర చైనాలో మొదలై 1961 దాకా సాగింది. పైవాళ్లకు కోపం వస్తుందని కింది అధికారులు పంట ఉన్నదానికంటే ఎక్కువగా రాసి పంపారు. ఆ లెక్కల ప్రకారం ధాన్యం సేకరించారు. పల్లెల్లో తినడానికి మిగల్లేదు. చనిపోయినవాళ్లు కోట్లలో ఉన్నారని అంచనా. ఆజ్ఞ చాలా వేగంగా కిందికి వెళ్లింది. ఆకలి కబురు మాత్రం పైకి రాలేదు.

పత్రికలకు స్వేచ్ఛ ఉండి, ఎన్నికలు నిజంగా జరిగే దేశంలో పెద్ద కరవు మరణాలు సంభవించలేదని అమర్త్య సేన్ గమనించి చెప్పారు. ఆయనకు 1998లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇది విన్నాక, "ఆ సమర్థుడికి తన పొరపాటు సంగతి ఎవరు చెబుతారు? చెప్పినవాడికి ఏమవుతుంది?" అని ఆ అబ్బాయినే అడగండి. అడిగి వదిలేయండి. అక్కడికక్కడే ఒప్పించాలని చూడవద్దు. వాడు ఇంటికి వెళ్లాక ఆలోచించుకుంటాడు.

చివరగా ఒక ఆట. ప్రతి బృందానికీ వంద గింజలు, ఆరు గిన్నెలు ఇవ్వండి. మంచినీళ్లు, బడి, ఆసుపత్రి, రోడ్లు, పోలీసులూ కోర్టులూ, విపత్తుల నిల్వ. గింజలు పంచాలి, పంచింది ఎందుకో రాయాలి. పంచాక ఒక్కొక్కరికి మడిచిన చీటీ ఇవ్వండి. "మీ ఇంట్లో ఒకరికి వారానికి మూడుసార్లు డయాలసిస్", "మీ వీధి ప్రతి వానకూ మునుగుతుంది", "మీరు కళ్లు కనబడని పిల్ల, బడికి ఒంటరిగా నడిచి వెళ్లాలి". మళ్లీ పంచమనండి. గిన్నెల దగ్గర చేతులు ఆగిపోవడం చూస్తారు. అందరి అవసరమూ నిజమే, గింజలు మాత్రం వందే. ఎవరి అవసరం ముందు అన్నది తేల్చడానికే రాజకీయం ఉందని అప్పుడు చెప్పవచ్చు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రే నగరంలో 1989 నుంచి పేటలవారీగా సభలు పెట్టి, నగర బడ్జెట్‌లో కొంత భాగాన్ని ఏ పనులకు వాడాలో జనాన్నే నిర్ణయించమన్నారు. ఆట అయ్యాక అది చెబితే, తాము చేసింది పిల్లల ఆట కాదని తెలుస్తుంది.

కోర్టు మెట్లు:

మాస్టారు గారు రాసినదాంట్లో మొదటి అమ్మాయి మాట మిగిలిపోయింది. నేను న్యాయవాదిని. నా మటుకు నాకు మూడింట్లోకీ ఆ మాటే ముఖ్యం. "మిగతావాళ్లు సర్దుకుపోవాలి" అని నమ్మిన పిల్లలు రేపు పెద్దవాళ్లై అలాగే ప్రవర్తిస్తారు.

ఆమెకు స్విట్జర్లాండ్ కథ చెప్పండి. ఆ దేశంలో జాతీయ స్థాయిలో మహిళలకు ఓటు 1971లో వచ్చింది. న్యూజిలాండ్‌లో 1893లోనే ఇచ్చారు, ఆ తేడా కూడా చూపించండి. అపెన్‌జెల్ ఇన్నర్‌రోడెన్ అనే చిన్న రాష్ట్రంలో మాత్రం స్థానిక వ్యవహారాల్లో ఆ తర్వాత కూడా మహిళలకు ఓటు లేదు. అక్కడ పౌరులు ఏటా బహిరంగ సభలో గుమికూడి చేతులెత్తి నిర్ణయాలు తీసుకుంటారు. పుస్తకాల్లో ప్రత్యక్ష ప్రజాస్వామ్యం అంటే చూపించేది సరిగ్గా ఇలాంటి సభనే. 1990లో ఆ సభలోని మగవాళ్లు చేతులెత్తి, మహిళలకు ఓటు వద్దని మరోసారి తీర్మానించారు. అదే సంవత్సరం ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్మానం చెల్లదని, మహిళలకు ఓటు ఉందని తీర్పు ఇచ్చింది.

"చేతులు ఎక్కువే లేచాయి కదా. మరి కోర్టు చేసింది ప్రజాస్వామ్యమా, కాదా?" అని ఆ అమ్మాయిని అడగండి. ఆ సభలోకి అసలు రానివ్వనివాళ్ల చేతుల మాట ఏమిటని తనే అంటుంది. అనకపోతే పక్కనున్నవాళ్లు అంటారు.

రెండోది వాళ్ల వయసు పిల్లలదే. కేరళలో ఒకే ఇంటికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతం వచ్చినప్పుడు గౌరవంగా లేచి నిలబడేవారు, తమ మత విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. 1985లో వాళ్లను బడి నుంచి పంపించేశారు. హైకోర్టులో ఓడిపోయారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ ఒ. చిన్నప్పరెడ్డి గారు మన సంప్రదాయం, మన తత్త్వం, మన రాజ్యాంగం అన్నీ సహనాన్నే చెబుతాయని, దాన్ని పలచన చేయవద్దని ముగించారు. ఈ తీర్పు మీద మీ తరగతిలో అభిప్రాయ భేదం తప్పకుండా వస్తుంది. మంచిదే. గదిని రెండుగా చేసి, ఎవరు ఏది నమ్ముతారో దానికి ఎదురు వాదన వాళ్లచేత చేయించండి. ఎదుటివాడి వాదనను వాడే ఒప్పుకునేంత బాగా చెప్పగలిగిన పిల్లవాడికి ఆ తర్వాత నేను పెద్దగా నేర్పాల్సింది ఉండదు.

ఒక్క జాగ్రత్త. కోర్టు ఎప్పుడూ సరైనదే చెబుతుందన్న అభిప్రాయం పిల్లలకు కలగనివ్వకండి. అమెరికా సుప్రీంకోర్టు 1896లో నల్లవారికి, తెల్లవారికి వేర్వేరు వసతులు ఉండవచ్చని తీర్పు చెప్పింది. బడుల్లో అలా వేరు చేయడం చెల్లదని అదే కోర్టు చెప్పడానికి 1954 దాకా పట్టింది. తప్పు దిద్దుకునే దారి ప్రతి శాఖకూ బయటి నుంచి కూడా ఉండాలి.

పదిహేడు నడుస్తోంది:

నేను ఇంటర్ చదువుతున్నాను. పెద్దవాళ్ల మధ్య రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఏది పట్టలేదో చెబుతాను.

మాకు బడిలో మాక్ పార్లమెంటు పెట్టారు. ప్రధానమంత్రి ఏమనాలో, ప్రతిపక్షం ఏమనాలో టీచర్లే రాసిచ్చారు. ప్రతిపక్ష నాయకుడి పాత్ర నాది. చివర్లో "ప్రభుత్వ సమాధానంతో సంతృప్తి చెందాను" అని చదవాలి. ప్రభుత్వం చెప్పిన సమాధానంలో నేను అడిగినదానికి జవాబే లేదు. అయినా చదివాను, అందరూ చప్పట్లు కొట్టారు. ప్రజాస్వామ్యం అంటే రాసిచ్చింది చదవడమని ఆ రోజు అందరం నేర్చుకున్నాం. దయచేసి స్క్రిప్టు ఇవ్వకండి. జవాబు నచ్చకపోతే నచ్చలేదని చెప్పే అవకాశం ఇవ్వండి చాలు.

ఇంకోటి. మీ ఆదివారం తరగతిలోనే కొన్ని నిర్ణయాలు పిల్లలకు వదిలేయండి, నిజంగా వదిలేయండి. ఏ పుస్తకం చదవాలి, ఆలస్యంగా వచ్చినవాళ్లను ఏం చేయాలి లాంటివి. వాళ్లు తీసుకున్న నిర్ణయం మీకు నచ్చకపోయినా అది అమలు కావాలి. పిల్లలకు సంబంధించిన విషయాల్లో వాళ్ల అభిప్రాయం వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం చెబుతోంది. అది మా పాఠంలో ఉంది, పరీక్షలో కూడా వచ్చింది. మా క్లాసులో ఏ విషయమూ మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఆస్ట్రియాలో 2007 నుంచి పదహారేళ్లకే ఓటు ఉంది. బ్రెజిల్‌లో 1988 రాజ్యాంగం ప్రకారం పదహారేళ్లవాళ్లు ఇష్టమైతే ఓటు వేయవచ్చు. మన దగ్గర 21 నుంచి 18కి తగ్గింది 1989లో. ఓటు వయసు ఎంత ఉండాలని అడిగి చూడండి. మా స్నేహితుల్లో సగం మంది పదహారు వద్దనే అన్నారు. ఎందుకు వద్దన్నారో వింటుంటే రెండు గంటలు గడిచిపోయాయి.

వారాంతపు తరగతి:

అందరికీ కృతజ్ఞతలు. "పదిహేడు నడుస్తోంది", మీరు రాసింది మా పిల్లలకు చదివి వినిపిస్తాను, అభ్యంతరం లేదనుకుంటాను. మాస్టారూ, ఇంకొక్క సందేహం. ఎంత జాగ్రత్తపడినా ఎవరో ఒకరు ఇవాళ్టి పార్టీ పేరు ఎత్తుతారు. అప్పుడు మీరేం చేసేవారు? మాట మార్చేవారా?

సాంఘికం మాస్టారు:

మార్చేవాణ్ణి కాదు. రాజకీయాల పేరు ఎత్తకుండా ప్రజాస్వామ్యం చెబితే పిల్లలు మనల్ని నమ్మరు, నమ్మకూడదు కూడా.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. మనిషి మీదా పార్టీ మీదా చర్చ లేదు, నిర్ణయం మీద ఉంటుంది. "వాళ్లు మంచివాళ్లు కాదు" అంటే, "ఏ నిర్ణయం? తేదీ చెప్పు. నాలుగు ప్రశ్నలకూ జవాబు రాసుకుని రా" అనేవాణ్ణి. సగం ఆవేశం అక్కడే దిగుతుంది. మిగిలిన సగం మంచి పనికి వస్తుంది, పిల్లవాడు నిజంగానే పాత పత్రికలు తిరగేస్తాడు.

ఇంకొక పద్ధతి కూడా వాడేవాణ్ణి. ఒకే రకమైన రెండు నిర్ణయాలు, వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు తీసుకున్నవి, పత్రికల నుంచి కత్తిరించి తెచ్చేవాణ్ణి. పార్టీ పేర్లు, నాయకుల పేర్లు నల్ల సిరాతో కొట్టేసి పంచేవాణ్ణి. ఒక్కోదానికీ పదికి మార్కులు వేయమని, ఎందుకు వేశారో రెండు వాక్యాలు రాయమని అడిగేవాణ్ణి. కాగితాలు తీసుకున్నాక పేర్లు చెప్పేవాణ్ణి. మార్కులు మార్చుకుంటామని కొందరు అడుగుతారు. మార్చుకోవచ్చు, కానీ పేరు తప్ప ఇంకే కారణం చేత మారుస్తున్నారో రాయాలి. ఆ కాగితాలు ఇంటికి పట్టుకెళ్లి తల్లిదండ్రులకు చూపించమని చెప్పేవాణ్ణి. అన్ని పార్టీల ఇళ్లకూ అదే కాగితం వెళ్లేది, కాబట్టి నన్ను వేలెత్తి చూపడానికి ఎవరికీ అవకాశం ఉండేది కాదు.

మీ గుంపులో పదమూడేళ్లవాళ్లు కూడా ఉన్నారన్నారు. వాళ్లకు కత్తిరింపులు చిన్నవి ఎంచుకోండి, ఒక్క పేరా చాలు. గింజల ఆటను ముందు పెట్టి, దీన్ని మూడో నాలుగో వారానికి ఉంచండి. అప్పటికి నాలుగు ప్రశ్నలు వాళ్లకు నోటికి వచ్చేసి ఉంటాయి.